చేబదులు ఆకాశం

మా పెద్దక్క ఉద్యోగం ఏమిటో ఆవిడ అత్తగారికి ఎంతకీ అంతుపట్టలేదు. చెవులకు తగిలించుకునే మైకు సరంజామా ఒకసారి సంచీలో ఇంటికి వచ్చిన పాపానికి, కోడలు రేడియోలో పనిచేస్తోందని ముసలావిడ తీర్మానించేసింది. ఇరుగుపొరుగుతో అదే చెప్పేది. "ఏ వేళకి వస్తుందండీ మీ కోడలు?" అని ఎవరైనా అడిగితే, "దానికి వేళాపాళా ఏముంది, షిఫ్టులు" అనేది. ఒకరోజు కోడల్ని పక్కకు పిలిచి, "ఏమే, మీవాళ్ళు ఈమధ్య పాత పాటలు బొత్తిగా వెయ్యట్లేదు. కాస్త చెప్పవే" అంది. పెద్దక్క తడుముకోకుండా "చెప్తాలెండి అత్తయ్యా" అంది. ఆ తర్వాత పాత పాటలు నిజంగానే ఎక్కువయ్యాయట. ఇక ముసలావిడ దృష్టిలో కోడలి పలుకుబడి ఇంతా అంతా కాదు.

అసలు సంగతి ఏమిటంటే, పెద్దక్క విమానాలకు దారి చెప్పేది. ఆ మాట అనగానే అందరికీ విమానాశ్రయంలో ఉండే అద్దాల మేడ గుర్తొస్తుంది. ఆ మేడ వేరు, ఆ మనుషులు వేరు. వాళ్ళది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూసుకునే పని. మా గది వాళ్ళది, మేఘాలకన్నా ఎత్తున ఊళ్ళూ దేశాలూ దాటిపోయే విమానాల సంగతి. ఆ గదికి కిటికీలే లేవు. ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే గదిలోంచి ఆకాశం కనబడదన్నమాట. బయట వాన పడుతోందో లేదో తెలియాలంటే టీ తెచ్చే మనిషి భుజాలు చూడాలి. ఆ గదిలోనే ఓ మూల వాతావరణం బల్ల దగ్గర నేను కూర్చునేవాణ్ణి. నన్ను 'మబ్బులాయన' అనేవారు. మబ్బులాయన పక్కనే ఉండగా వాన సంగతి టీ ఆయన్ని అడగడంలో ఉన్న అవమానం నాకు త్వరగానే అలవాటైపోయింది.

ఆ ఉద్యోగంలో ఒక నియమం ఉంది. చెప్పిన మాట విన్నవాడు తిరిగి చెప్పాలి. ఎంత ఎత్తుకు ఎక్కమన్నదీ, ఎటు తిరగమన్నదీ పైలటు తన నోటితో అప్పజెప్పేదాకా చెప్పినట్టు కాదు. పెద్దక్క ఆ అలవాటును ఇంటికి కూడా మోసుకెళ్ళింది. బావగారు, అంటే పెద్దక్క భర్త, కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఆయన బజారుకు బయల్దేరితే గుమ్మం దాకా వచ్చేది.

"పాలు, సబ్బు, అత్తయ్య కళ్ళజోడు."

"సరే."

"సరే కాదు. తిరిగి చెప్పండి."

"పాలు, సబ్బు, మా అమ్మ కళ్ళజోడు. మెట్లు దిగడానికి అనుమతి ఉందా?"

మేడమీద వాటాలో ఉండేవాళ్ళు ఈ సంభాషణ వినడానికి పనిగట్టుకుని వరండాలోకి వచ్చేవారు.

మా ఆకాశానికి తూర్పు అంచున ఒక గీత ఉంది. నిజంగా ఉండదు, పటంలోనూ తెరమీదా ఉంటుంది. గీతకు ఇవతల మనం, అవతల పొరుగుదేశం. రెండు వైపులా మాట ఒకటే, జెండాలే వేరు. గీత దాకా వచ్చిన విమానాన్ని మనవాళ్ళు వాళ్ళకు అప్పగించాలి. అటునుంచి వచ్చేవాటిని వాళ్ళు మనకు అప్పగిస్తారు. అందుకోసం రెండు గదుల మధ్య ఒక ఫోను ఉండేది. నంబరు నొక్కే పనిలేదు, ఎత్తితే చాలు అవతల మోగుతుంది. దాని గొంతు ఎంత గట్టిదంటే, పక్క బల్ల దగ్గరున్నవాడు చెవులు మూసుకున్నా వినబడుతుంది. పక్క బల్ల నాది.

అవతలి గదిలో ఆ ఫోను ఎత్తే మనిషిని పెద్దక్క ఎన్నడూ చూడలేదు. కొత్తలో ఒకరోజు అతను దగ్గుకుంటూ దగ్గుకుంటూ విమానాన్ని అప్పగించాడు. పని పూర్తయ్యాక ఈవిడ ఉండబట్టలేక, "ఆ దగ్గేమిటి తమ్ముడూ, వేణ్ణీళ్ళు తాగు" అంది. ఆ ఫోనులో పనికిరాని మాటలు మాట్లాడకూడదు, ప్రతి మాటా రికార్డవుతుంది. అయినా అటునుంచి "తాగుతానక్కా" అని వినబడింది. అలా అక్కా తమ్ముళ్ళయ్యారు. ఏళ్ళు గడిచాయి. అతని కూతురికి చదువు అబ్బలేదనీ, కొడుక్కి మరీ ఎక్కువ అబ్బి తండ్రిని లెక్కచేయట్లేదనీ ఒక్కో విమానం వెనక ఒక్కో వాక్యంగా మాకు తెలిసింది. సీరియల్ కన్నా నెమ్మది.

ఇక చేబదులు సంగతి చెప్పాలి. ఈ కథంతా దానిమీదే నడిచింది.

వానల కాలంలో ఆ గీతమీద మేఘాలు విమానాలకన్నా ఎత్తుగా, గోడ కట్టినట్టు నిలబడతాయి. పైలట్లు వాటిలోకి పోరు, పోకూడదు కూడా. చుట్టూ తిరిగిపోవాలి. తిరిగితే అవతలివాళ్ళ ఆకాశంలో అడుగుపెట్టాలి. పెట్టి, మేఘం దాటాక మళ్ళీ మన వైపుకు రావాలి. దానికి రూలు ప్రకారం ఇక్కడి పెద్దాఫీసు అక్కడి పెద్దాఫీసుకు రాసి, వాళ్ళు ఒప్పుకుని, ఆ ఒప్పుకోలు కిందికి దిగిరావాలి. ఈలోగా మేఘం కురిసి, తెరిపిచ్చి, మర్నాడు మళ్ళీ పుడుతుంది. అందుకని ఆ గీతమీద పనిచేసేవాళ్ళు ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పక్కింటికి వెళ్ళి చెంబెడు పాలు చేబదులు తెచ్చుకున్నట్టే.

"తమ్ముడూ, ఒక ముక్క ఇస్తావా?"

"తీసుకో అక్కా."

అంతే. కాగితం లేదు. కానీ ఇచ్చినవాళ్ళ మీద ఒక బాధ్యత ఉంటుంది. తమ ఆకాశంలోకి వచ్చిన ఆ పరాయి విమానాన్ని, అది బయటికి పోయేదాకా రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలి. తమ విమానాలేవీ దాని దరిదాపులకు పోకుండా తప్పించాలి. పోగానే "బయటికొచ్చేసింది" అని చెప్పాలి. తెరమీద అన్నీ ఒకలాంటి చుక్కలే కనక, ఎవరి పద్ధతిలో వాళ్ళు గుర్తు పెట్టుకునేవారు. పెద్దక్క ముక్క ఇచ్చినప్పుడల్లా ఎడమచేతి గడియారం విప్పి కుడిచేతికి పెట్టుకునేది. గడియారం కుడిచేతికి ఉంటే ఆవిడను ఎవరూ పలకరించేవారు కాదు. మా గది అధికారి పెద్దసారు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని దూరంగా నడిచేవారు. అవతల తమ్ముడిది ఇంకో పద్ధతి. "టీ గ్లాసు బోర్లిస్తానక్కా. మీ విమానం బయటికి పోయేదాకా నాకు టీ లేదు" అని చెప్పాడోసారి. ఆ రోజు నుంచి పెద్దక్క పైలట్లను కాస్త తొందరపెట్టేది, పాపం అతను టీ లేకుండా ఉన్నాడని.

ఈ పద్ధతిని పెద్దక్కకు నేర్పింది పెద్దసారే. అప్పట్లో ఆయన ఇంకా పెద్దసారు కాదు, పక్క కుర్చీలో కూర్చునే మామూలు మనిషి. "పుస్తకంలో లేనిదమ్మా ఇది. కానీ పుస్తకానికి వాన తెలీదు" అన్నారు.

ఉన్నట్టుండి పుస్తకమే మారబోతోందని కబురొచ్చింది. మనతో కలిపి మూడు పొరుగుదేశాల పెద్దలు కూర్చుని, పై ఆకాశానికి గీతలెందుకు, కలిపేద్దాం అనుకున్నారు. గీతల కోసం విమానాలు వంకర్లు తిరగడం, బోలెడు ఇంధనం తగలబెట్టడం, గదికీ గదికీ ఫోన్లు, ఇదంతా పోవాలి. ఒకటే గది, ఒకటే రూళ్ళ పుస్తకం, మూడు దేశాలవాళ్ళూ పక్కపక్కన కుర్చీలు. మా గదిలో చాలామంది ఈ మాటకు బిక్కచచ్చిపోయారు, ఎవరి కుర్చీ ఉంటుందో ఊడుతుందో అని. సంబరపడిన మనిషి ఒక్క పెద్దక్కే.

"ఫోనెందుకిక? పక్కనే కూర్చుంటాడు. మోచేత్తో పొడిస్తే చాలు" అనేది.

"ఆయన టీ గ్లాసు బోర్లిస్తే నీ బల్లమీద ఒలుకుతుంది" అన్నాను.

"ఒలకనీ. తుడుస్తాను."

ఆ ఉమ్మడి గదిలో ఒక కుర్చీ. ఆవిడ కోరింది అదొక్కటే. పదవి కాదు, జీతం కాదు. వచ్చే వానల కాలానికి గీత లేని ఆకాశంలో కూర్చుని పనిచేయాలి. బావగారితో సహా అందరం ఆ కోరిక ఎన్నిసార్లు విన్నామో, నిద్రలో లేపి అడిగినా తిరిగి చెప్పగలిగేవాళ్ళం.

కొత్త పుస్తకం రాసే కమిటీ ఒక మంచి మాట చెప్పింది. లేదా మేం మంచి మాట అనుకున్నాం. "రూళ్ళలో ఉన్నది మాకు తెలుసు. మీరు నిజంగా చేస్తున్నదేమిటో చెప్పండి. శిక్షలుండవు. మంచి పద్ధతైతే దాన్నే రూలు చేస్తాం" అని మూడు దేశాలకూ కబురు చేసింది. ప్రతి గీత తరఫునా అటొకరూ ఇటొకరూ వచ్చి సభలో మాట్లాడాలి. మన వైపు పెద్దక్క. అటువైపు తమ్ముడు.

సభకు ముందురోజు ఫోను మోగింది. ఒక విమానం చేతులు మారాక తమ్ముడు అన్నాడు.

"అక్కా, నువ్వు ముందు చెప్పు. పెద్దదానివి. వెనకే నేనందుకుంటాను."

"అన్నీ చెప్పేద్దామా?"

"అన్నీ. దాచడానికి మనం దొంగతనం చేశామా ఏంటి?"

"అయితే తిరిగి చెప్పు."

అతను నవ్వాడు. "నువ్వు చెప్తావు. వెనకే నేనూ చెప్తాను. సరేనా?"

సభ మన ఊళ్ళోనే, ఒక పెద్ద హోటల్లో. పెద్దక్క కొత్త చెప్పులు కొనుక్కుంది. అవి అడుగడుక్కీ కీచుమనేవి. తివాచీ మీద కూడా కీచుమనే చెప్పుల్ని నేను అదే చూడటం. చేతిలో దగ్గు బిళ్ళల డబ్బా. ఇన్నేళ్ళూ ఆ గొంతు విని, తమ్ముడు సన్నగా, పొడుగ్గా, మీసాలతో ఉంటాడని ఆవిడ ఊహించుకుంది. గుమ్మంలోనే అలాంటి మనిషొకడు కనబడ్డాడు. కీచు కీచుమంటూ పరుగున వెళ్ళి, "దగ్గెలా ఉంది తమ్ముడూ?" అని డబ్బా అతని చేతిలో పెట్టేసింది. ఆ పెద్దమనిషి డబ్బాను, ఆవిడను, మళ్ళీ డబ్బాను చూసి, "నాకు దగ్గు లేదండీ" అన్నాడు. వాళ్ళ న్యాయ సలహాదారుడట. ఆయన వెనకాల నుంచి పొట్టిగా, బొద్దుగా, బట్టతలతో ఉన్నాయన ముందుకొచ్చి, "అక్కా, నేనిక్కడ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతను పెద్దక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఈ శాల్తీ లోంచా ఆ గొంతు!" అంది. డబ్బా మాత్రం న్యాయ సలహాదారుడి జేబులోనే ఉండిపోయింది, తిరిగి అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

పొడుగాటి బల్ల, ఒక్కొక్కరి ముందూ మైకు, మంచినీళ్ళు, టీ. కమిటీ అధ్యక్షుడు మూడో దేశం ఆయన, మెత్తటి గొంతు. పెద్దక్క వంతు వచ్చింది. ఆవిడ మొదట కాస్త తడబడింది, తర్వాత గట్టు తెగినట్టే. మేఘాల గోడ, చెంబెడు పాలు, ఒక ముక్క, అన్నీ చెప్పింది. పరాయి విమానాన్ని ఎలా చూస్తూ ఉంటారో చెప్పింది. చేతి గడియారం విప్పి కుడిచేతికి పెట్టుకుని చూపించింది. సభలో సగంమంది నవ్వుతున్నారు. అది మంచి నవ్వే. "మా తమ్ముడైతే టీ గ్లాసు బోర్లిస్తాడండీ. నా విమానాలు బయటికి పోయేదాకా టీ తాగడు" అంది. అందరి తలలూ అటు తిరిగాయి.

అధ్యక్షుడు తమ్ముడి వైపు చూసి, "చాలా బాగుంది. మీ వైపు నుంచి కూడా ఇదేనా?" అన్నారు.

తమ్ముడు మైకు దగ్గరికి జరుపుకున్నాడు. అతని పక్కన ఆ మీసాల న్యాయ సలహాదారుడు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"మా వైపు అలాంటి అలవాటేదీ లేదండి" అన్నాడు.

పెద్దక్క నవ్వింది. వేళాకోళం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

"అంటే, వారి విమానాలు మీ ఆకాశంలోకి వచ్చేవని మీకు తెలియదా?"

"మేం అనుమతి ఇచ్చిన సందర్భం ఏదీ లేదండి."

"మరి ఆ టీ గ్లాసు..."

"నేను టీ తాగనండి."

అతని ముందు కప్పులో టీ పొగలు కక్కుతోంది. అతను దాన్ని మోచేత్తో కాస్త పక్కకు జరిపాడు. పెద్దక్క ఆ కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. గడియారం ఇంకా కుడిచేతికే ఉంది.

అధ్యక్షుడు ఈసారి మా పెద్దసారును అడిగారు. "మీ గదిలో ఇలా జరుగుతున్నట్టు మీకు తెలుసా?" పెద్దసారు పైకప్పులో దీపాలు లెక్కపెడుతున్నట్టు తలెత్తి, "నా దృష్టికి రాలేదండి" అన్నారు. నాకు ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను. "అయ్యా, ఆ మేఘాలు నేను చూశాను. ఆ ఫోను నా చెవి పక్కనే..." అన్నాను. అధ్యక్షుడు ఎంతో మర్యాదగా, "వాతావరణం వారి సమయం మధ్యాహ్నమండీ" అన్నారు. కూర్చున్నాను. మధ్యాహ్నం నన్ను పిలిచి, తేమ గురించి అడిగారు.

తర్వాత తెలిసింది అసలు మెలిక. ఇద్దరూ ఒప్పుకుంటే అది అలవాటు, దానికి శిక్ష లేదు. ఒక్కరే ఒప్పుకుంటే అది నేరం. ఫోను రికార్డులు నెల తిరిగేసరికి వాటంతటవే చెరిగిపోతాయి, మేఘాల కాలమేమో వెళ్ళిపోయి చాలాకాలమైంది. సభ ముందురోజు ఫోనులోనూ 'ముక్క' అన్న మాట ఎవరూ అనలేదు. ఇక సాక్ష్యమెక్కడిది? ఉమ్మడి గది ఏ దేశంలో పెట్టాలన్నది అప్పటికింకా తేలలేదు. ఎవరి చరిత్ర శుభ్రంగా ఉంటే వాళ్ళకే అని లోపాయికారీగా అనుకున్నారట. తమ్ముడి పైవాళ్ళు అతన్ని సభకు ముందు పిలిచి కూర్చోబెట్టి, కడిగిన ముత్యంలా తయారుచేసి పంపారు. అక్కకు ఒక్క ఫోను చేసి "చెప్పొద్దక్కా" అనడానికి అతనికి వ్యవధి లేకపోయిందా, మనసు లేకపోయిందా, నాకు తెలియదు. ఫోను ఎత్తితే మోగేది.

సభ ముగిశాక పెద్దక్క వరండాలో నిలబడింది. అతను వస్తాడని. వచ్చి ఏదో ఒకటి చెప్తాడని. వాళ్ళ కారు వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయింది. ఆవిడ కీచు కీచుమంటూ మెట్లు దిగింది. ఆ చప్పుడుకు ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం బావగారు విషయమంతా విని, చాలాసేపు మిషను చక్రం తిప్పుతూ కూర్చున్నారు. "మా అమ్మ మాట నిజమైతే బాగుండేది. రేడియోలో అయితే ఎవరికి వినబడాల్సింది వాళ్ళకి వినబడేది" అన్నారు.

గదిలో సంగతి ఇంకా ఘోరం. ఆ గీతమీద కూర్చున్న ప్రతివాళ్ళూ ఏదో ఒకనాడు ముక్క అడిగినవాళ్ళే, ఇచ్చినవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరికీ ఉమ్మడి గదిలో కుర్చీ కావాలి. పెద్దక్కను చూసి జాలిపడేవారు, టీ ఇప్పించేవారు, పిల్లల చదువులు అడిగేవారు. "మేమూ చేశాం" అన్న రెండు ముక్కలు తప్ప అన్నీ మాట్లాడేవారు. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. కాకపోతే ఎవరైనా ఏదైనా మాటిస్తే "తిరిగి చెప్పు" అనడం మానేసింది. దానికి నాకు దెబ్బలాట కన్నా ఎక్కువ భయం వేసింది.

కొన్నాళ్ళకు పెద్దసారు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు, మొహం చేటంత చేసుకుని.

"అమ్మా, శుభవార్త. నీ వ్యవహారం మూసేయడానికి ఒప్పుకున్నారు. ఒక్క మాట రాసిస్తే చాలు. చిన్న మందలింపు, అంతే. ఉమ్మడి గదిలో నీ కుర్చీ నీకే."

"ఏం మాటండీ?"

"అవతలివాళ్ళకు తెలియకుండా పంపానని. పొరపాటైందని."

"మీరు నేర్పిన పొరపాటే కదండీ" అంది పెద్దక్క.

పెద్దసారు గొంతు తగ్గించారు. "నన్ను లాగకమ్మా. రిటైరవబోతున్నాను."

"ఆలోచించుకుంటాను" అంది.

ఆయన అటు వెళ్ళారో లేదో ఫోను మోగింది. సభ తర్వాత ఆ ఫోనులో విమానాల మాట తప్ప వేరే మాట లేదు. తమ్ముడు సాధ్యమైనంతవరకు వేరేవాళ్ళచేత ఎత్తించేవాడు. ఈసారి అతనే.

"అక్కా, పెద్దసారు చెప్పారా?"

"చెప్పారు."

"రాసిచ్చెయ్యక్కా. నేనే గట్టిగా పట్టుబట్టి ఒప్పించాను. అందరికీ మంచిది. గడిచిందేదో గడిచింది. పక్కపక్కన కూర్చుంటాం."

"ఎక్కడ?"

"మా ఊళ్ళోనే పెడుతున్నారు. నన్ను... నన్నే పైన ఉండి గదంతా చూసుకోమన్నారు."

"మంచిది. ఏమని రాయాలి?"

"మాకు తెలీకుండా అని."

"అంటే నువ్వు చూడలేదని."

అటునుంచి దగ్గు వినబడింది.

"చెప్పు తమ్ముడూ. రికార్డవుతోందని నాకూ తెలుసు. నెలలో చెరిగిపోతుందనీ తెలుసు. నువ్వు చూడలేదని రాయాలి, అంతేనా?"

"కాగితం మీదేనక్కా. ఎవరు చదువుతారు?"

పెద్దక్క గొంతు పెరగలేదు. ఇంటి దగ్గరైతే వీధి చివరకు వినబడే గొంతు అది.

"ఆ విమానాల్లో జనం ఉన్నారు. ఎవరి పిల్లలో, ఎవరి ముసలివాళ్ళో. వాళ్ళని నేను మీ ఆకాశంలోకి పంపింది అవతల నువ్వు కళ్ళల్లో ఒత్తులేసుకుని ఉన్నావని. నువ్వు చూడలేదని నేను రాస్తే, ఇన్నేళ్ళూ అంతమందిని కళ్ళు లేని చోటికి తోశానన్నమాట. ఒక్క కుర్చీ కోసం అలా రాయనా?"

"అక్కా, నువ్వు మరీ..."

"ఉండు. విమానం వస్తోంది. తీసుకో."

ఆవిడ దాని పేరూ ఎత్తూ వేళా చెప్పింది. అతను తిరిగి చెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు.

"చూస్తున్నావా?" అంది.

"చూస్తున్నానక్కా."

"ఆ మాటే ఆ రోజు అనాల్సింది" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు పెద్దసారు కలం, కాగితం తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ రాసింది ఒకటే వాక్యం: నేను పంపిన ప్రతిసారీ అవతలి మనిషి చూస్తూనే ఉన్నాడు. పెద్దసారు చదివి తలపట్టుకున్నారు. "ఇది ఎవరికి పనికొస్తుందమ్మా? నీకా, వాడికా?" అన్నారు. ఆవిడ మైకు చెవులకు తగిలించుకుని పనిలోకి దిగింది.

ఉమ్మడి గది తయారైంది. మా వాళ్ళు చాలామంది వెళ్ళారు. పెద్దక్క పేరు ఆ జాబితాలో లేదు. ఇప్పుడావిడ కింది ఆకాశం చూసుకుంటోంది. పొలాలకు మందు చల్లే విమానాలు, కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళ విమానాలు. ఆ కుర్రాళ్ళు తూర్పు పడమరలు కూడా తికమకపడతారు. ఆవిడ ఓపిగ్గా తిప్పుతుంది. కొత్త రూళ్ళ పుస్తకం వచ్చింది. అందులో చేబదులు పద్ధతికి ఒక అధ్యాయం ఉంది, పెద్ద పేరు పెట్టారు, నోరు తిరగదు. ఇచ్చినవాళ్ళు రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలన్నది కూడా ఉంది. పొరుగుదేశం వారి సూచన మేరకు చేర్చడమైనదని అడుగున రాశారు. నేను ఆ పేజీ తెరిచి చూపిస్తే ఆవిడ చదివి, "తప్పుల్లేవు" అని తిరిగిచ్చేసింది.

వానలు మొదలైన కొత్తలో, ఓ ఆదివారం పొద్దున వాళ్ళింట్లో ఉన్నాను. ఫోను మోగింది. బావగారు ఎత్తారు. ఆ గొంతు నాకు గదికి ఈ చివర నుంచి కూడా తెలిసింది.

"అక్క ఉందాండీ?"

"ఉంది" అని బావగారు ఫోను అరచేత్తో మూసి, వంటింటివైపు తిరిగారు. "అతనే. మాట్లాడతావా?"

"మాట్లాడను."

"కోపమా అని అడుగుతాడు. ఏం చెప్పను?"

గిన్నెల చప్పుడు ఆగింది. పెద్దక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"కోపమైతే మాట్లాడేదాన్నేనండీ. ఆ గొంతు వింటే నాకు మళ్ళీ నమ్మబుద్ధేస్తుంది. అందుకని."

బావగారు అరచెయ్యి తీసి, "స్నానం చేస్తోందండీ" అని ఫోను పెట్టేశారు.